బండి తీస్తున్నారట

మా నాన్న రోడ్ల శాఖలో ఓవర్సీరు. మేము అద్దెకున్న ఇంటి యజమాని రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ప్రజల సొమ్ము రైలు మీద పెట్టడం మంచిదా, రోడ్డు మీద పెట్టడం మంచిదా అని ఢిల్లీలో ఏమైనా కమిటీ వేశారో లేదో నాకు తెలియదు. చిక్కడపల్లిలో మా మెట్ల మీద మాత్రం ఆ కమిటీ రోజూ సాయంత్రం కూర్చునేది. నాన్న పై మెట్టు, ఇంటాయన కింది మెట్టు. ఇల్లు తనదే అయినా ఆయన కింది మెట్టు ఎందుకు ఎంచుకున్నాడంటే, వీధిలో పోయేవాళ్ళను సాక్ష్యానికి పిలవడానికి అదే వీలు.

రాజధాని కర్నూలు నుంచి కదిలినప్పుడు దాని వెనకాలే కదిలిన ఫైళ్ళతో పాటు మేమూ హైదరాబాదు వచ్చాం. ఫైళ్ళకు బీరువాలు దొరికాయి, మాకు ఈ ఇంట్లో పై వాటా దొరికింది. నాన్న వాదం ఎప్పుడూ ఒకటే.

"పాసింజరు ఎక్కేవాడు ఇచ్చే టిక్కెట్టు డబ్బులు ఇంజను బొగ్గుకే చాలవండీ. మిగతాది ఎవరిస్తున్నారు? జన్మలో రైలెక్కనివాడు కూడా ఇస్తున్నాడు."

"మరి మీ రోడ్డుకు టిక్కెట్ ఏడ కొంటరు ఓవర్సీర్ సాబ్?"

"రోడ్డుకు టిక్కెట్టేమిటండీ. రోడ్డు అందరిదీ."

"గదే అంటున్న. టిక్కెట్ లేదు గనక మీ నష్టం ఎవరికీ కనవడది. మాది పాపం టిక్కెట్ అమ్ముతది, గందుకే నష్టం బయటవడ్డది."

నాన్న బస్సుల సంగతెత్తేవాడు. బస్సు గుమ్మం దగ్గరికొస్తుంది, రైలు దగ్గరికి మనమే పోవాలి అనేవాడు. ఇంటాయన నిమ్మళంగా బీడీ ఆర్పేవాడు.

"బస్సు ఎవరి బిడ్డ అనుకున్నరు? ఈ ఊర్ల బస్సులు తొలుత నడిపింది రైల్వేనే. ఇప్పుడు కొడుకు పెద్దగయ్యి, తండ్రికి తిండి దండగ అంటున్నడు."

ఇంతటి మాట పడ్డాక ఎవరైనా లేచి వెళ్ళిపోవాలి. నాన్న వెళ్ళేవాడు కాదు. లోపల్నుంచి అమ్మ చారు చల్లారిపోతోందని అరిచేదాకా దేశం భవిష్యత్తు ఆ మెట్ల మీదే ఉండేది. ఈ కథ జరగడానికి ముందు ఏడాది ఊళ్ళో గొడవలకు మా కాలేజీ మూతబడి నాకు చదువు తప్ప మిగతావన్నీ వచ్చాయి కనక, ఈ కమిటీకి నేను నాగా లేకుండా హాజరయ్యేవాణ్ణి.

ఈ ఇద్దరూ మాట్లాడే రైల్లో నిజంగా ప్రయాణం చేసే మనిషి మా అక్క ఒక్కతే. షాద్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. తెల్లారకముందే లేచి, క్యారేజీ కట్టుకుని, నారాయణగూడ చౌరస్తా మీదుగా కాచిగూడ స్టేషనుకు నడిచిపోయేది. రిక్షా ఎక్కమంటే, రిక్షావాడు నాకన్నా సన్నంగా ఉన్నాడు, నేనే వాణ్ణి తొక్కుకుపోవాలి అనేది. మా ఇంట్లో హాస్యం నా ఒక్కడి ఆస్తి కాదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

కాలేజీ మూసినన్నాళ్ళూ నేను కొన్నిసార్లు ఆమె వెంట ఆ బండెక్కాను. చిన్న పట్టాల బండి. మద్రాసు మెయిలు పక్కన నిలబెడితే దాని పిల్లేమో అనిపిస్తుంది. ఎవరైనా గట్టిగా దగ్గితే ఆగుతుందని దానికి పేరు. కానీ నేను ఎవర్నీ అంత తొందరగా మెచ్చుకోని మనిషినై ఉండి చెబుతున్నాను, అది గొప్ప బండి. పాల క్యాన్లు, కూరగాయల తట్టలు, కోర్టు వాయిదాకు పోతున్న అన్నదమ్ములు, ఆ ఇద్దరి మధ్యా కూర్చుని ఇద్దరి దగ్గరా వేరుశనక్కాయలు తింటున్న వాళ్ళ వకీలు గుమాస్తా, అందరూ ఒకే పెట్టెలో. అక్కకు కిటికీ పక్క చోటు ఎవరూ చెప్పకుండానే ఖాళీగా ఉండేది. ఆ ఊపులోనే ఆమె పిల్లల నోటు పుస్తకాలు దిద్దేది. తప్పు లెక్క మీద గీసిన గీత కూడా వంకర పోయేది కాదు. ఒక తట్ట ముసలమ్మ రోజూ ఆ దిద్దడం చూసి, "నువ్వు కొట్టుడు లేదా బిడ్డా, గీతలే గీస్తవా" అని అడిగేది. టిక్కెట్టు కొన్నవాడికీ కొననివాడికీ అంత సమానంగా గాలి వేసే ప్రభుత్వ సంస్థను నేను మరొకదాన్ని చూడలేదు.

మా కాలేజీ మళ్ళీ తెరిచిన ఏడు వానలకు దారిలో ఒక వాగు పొంగి రైలు వంతెన స్తంభం ఒకటి ఒరిగింది. బండి ఆగిపోయింది. వంతెన బాగయ్యేదాకా నడవదన్నారు.

నాన్నకు ఇది దేవుడిచ్చిన ఉదాహరణ. "ఇప్పుడు చెప్పండి. ఆ స్తంభం నిలబెట్టే డబ్బుతో ఎంత రోడ్డు పడుతుందో తెలుసా? ఎంతమంది ఎక్కుతారండీ ఆ బండి?"

"ఎక్కేటోళ్ళల్ల మీ బిడ్డ సుత ఉన్నది సార్."

"మా అమ్మాయికి బస్సుంది."

ఉంది. కానీ మా అక్కకు బస్సు పడదు. చిన్నప్పటినుంచీ అంతే. బస్సు హారను వీధి చివర వినిపిస్తేనే ఆమె మొహం రంగు మారుతుంది. వంతెన ఒరిగినప్పటినుంచి రోజూ చేతిలో నిమ్మకాయ, సంచిలో పాత తువ్వాలు పట్టుకుని బస్సెక్కేది. సాయంత్రం వచ్చేసరికి ఉతికి ఆరేసిన చీరలా ఉండేది. మధ్యాహ్నం తినలేక క్యారేజీ నిండుగానే తెచ్చేది. అమ్మ బాధపడుతుందని దాన్ని మెట్ల దగ్గరే నా చేతికిచ్చేది. నేను త్యాగబుద్ధితో తినేవాణ్ణి. పులిహోర రోజున ఆ త్యాగం మరీ ఎక్కువగా ఉండేది.

ఒకరోజు అన్నాల దగ్గర అక్క, రేపు కూరేమిటని అడిగినంత మామూలుగా చెప్పింది. "మొదటి పీరియడు తల బల్ల మీద పెట్టుకుని చెబుతున్నానని హెడ్మిస్ట్రెస్ చూసింది. దసరా సెలవుల తరవాత కూడా ఇంతే అయితే వేరే ఆమెను వేసుకుంటారట. రైలు రాకపోతే మానేస్తాను నాన్నా."

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ పూట దాన్ని మజ్జిగతో మింగేశాను. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని సంబంధాలను వాయిదా వేయించిందో నాకు తెలుసు.

నాన్న ఒప్పుకోలేదు. "తప్పు రోడ్డుది కాదమ్మా. నువ్వు పక్కకు చూస్తున్నావు. దూరంగా, ఎదరగా చూడాలి. రేపు ఆ వైపే నాకు తనిఖీ ఉంది. నేను చూపిస్తాను పద."

నన్ను తువ్వాలు మోయడానికి తీసుకెళ్ళారు. ముందు సీట్లో అక్క, పక్కన నాన్న, వెనక నేను. బస్సు ఊరు దాటగానే నాన్న పాఠం మొదలుపెట్టాడు. కింద మొరం, దాని మీద పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, ఆపైన తారు. అక్క కళ్ళు మూసుకుంది. "కళ్ళు తెరువు తల్లీ, ఇప్పుడొచ్చే మలుపు చూడు, బస్సు ఒరిగినట్టే తెలియదు. దాని వాలు లెక్క కట్టింది నేనే."

మలుపు వచ్చింది. మలుపు చాలా బాగుంది, అబద్ధమెందుకు. అక్క నాన్న చెప్పుల మీద వాంతి చేసుకుంది.

కండక్టరు బస్సాపి నీళ్ళిచ్చాడు. "జర కాళ్ళు కడుక్కోండి సార్, ఈ మలుపుకాడ రోజూ ఎవరో ఒకరికి అయితది." ఆ మాటకు నాన్న మొహం చూడలేక నేను పొలాల వైపు చూశాను. షాద్‌నగర్ చేరేలోపల మరి రెండు మలుపులున్నాయి. వాటి సంగతి నాన్న ముందుగా చెప్పలేదు. అక్క మాత్రం దిగి, కొంగుతో మొహం తుడుచుకుని, బడి గేటులోకి నిటారుగా నడిచిపోయింది. ఆ నడక చూస్తే లోపలున్న పిల్లలకు ఎక్కాలు వాటంతటవే గుర్తుకొచ్చి ఉంటాయి.

ఆ సాయంత్రం కమిటీ సమావేశం జరగలేదు. నాన్న చెప్పులు కడుక్కుంటూ కూర్చున్నాడు.

ఇది జరిగిన వారంలోనే అమ్మ కుళాయి దగ్గర్నుంచి బిందె వదిలేసి పైకి వచ్చింది. ఇంటావిడ చెప్పిందట, ఇంటాయనకు స్టేషన్లో ఎవరో చెప్పారట.

"పొద్దుటి పాసింజరు తీసేస్తున్నారటండీ."

నాన్న పేపరు దించాడు. "ఎవరన్నారు?"

"ఆవిడే. 'పొద్దుగాల బండి తీస్తున్రంట' అంది. నవ్వుతూ చెప్పిందండీ. మన పిల్ల ఉద్యోగం పోతుంటే నవ్వుతూ." అమ్మ గొంతు తగ్గించింది. "ఎంత కలిసున్నా మనం పైనుంచి వచ్చినవాళ్ళమేనండీ."

మేము ఉన్నది పై వాటాలోనే కనక ఆ మాట రెండు రకాలా నిజమే అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఇంతలో కింది నుంచి ఇంటాయన గొంతు వినిపించింది. "ఓవర్సీర్ సాబ్, విన్నరా? ఇగ మీరు నాతోటి గెల్వరు."

నాన్న తలుపు వేయమన్నాడు. మా ఇంటి తలుపు పగలు మూయడం అదే మొదటిసారి. అక్క దిద్దని నోటు పుస్తకాల దొంతర తీసి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే నాన్న అర్జీ రాయడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళు రైలు దండగ అన్న మనిషి, ప్రజల సొమ్ముతో రైలు నడిపి తీరాలని రెండు పేజీలు రాశాడు. బండెక్కేవాళ్ళకు కూడా అర్థం కావాలని తెలుగులో రాశాడు. నాకు చదవమని ఇచ్చాడు. "రోడ్డునకు టిక్కెట్టు లేనందున దాని నష్టము కంటికి కనపడదు" అని ఉంది.

"ఈ వాక్యం ఎక్కడో విన్నట్టుంది నాన్నా."

"చదవమన్నాను, వినమన్లేదు."

అద్భుతంగా ఉంది అర్జీ. ఓడినవాడు గెలిచినవాడి ఆయుధాలతో యుద్ధం చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పేదవాడికి తట్ట పెట్టుకునే చోటున్న వాహనం అదొక్కటే అని రాశాడు. అక్క పేరు ఎక్కడా లేదు గానీ, ప్రతి పేరాలోనూ ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. చివర్న, "పొద్దుటి పాసింజరు బండిని తీసివేయవద్దని ప్రార్థన" అని ముగించాడు.

ఇక సంతకాలు. అసలు పెట్టవలసిన ప్రయాణికులు రైలు లేక ఊళ్ళోకి రావడం లేదు. ఇంటాయనను అడగడానికి నాన్నకు మనసొప్పలేదు. అందుకని మనవాళ్ళు ఎక్కువగా ఉండే అశోక్‌నగర్ వెళ్ళాం. అక్కడ అందరూ పెద్ద ఉద్యోగులు, రిటైరైన పెద్ద ఉద్యోగులు. ఒకాయన ఆ బండి ఏ దిక్కుకు పోతుందని అడిగి సంతకం చేశాడు. ఒకావిడ కాఫీ ఇచ్చి, రైలు తీసేస్తే మా పనిమనిషి కూడా మానేస్తుందా అని కంగారుపడి, భర్త చేత రెండు చోట్ల పెట్టించబోయింది.

చివరగా ఒక రిటైర్డు తెలుగు మాస్టారి ఇల్లు. ఆయన అర్జీ అంతా ఎర్ర పెన్సిలుతో చదివి, ఆఖరి వాక్యం దగ్గర ఆగాడు.

"తీసివేయవద్దు అని ఎందుకయ్యా అంత పొడుగు? 'తీయవద్దు' అంటే చాలదూ? పన్ను తీశారు, గోడమీది పటం తీశారు అంటామా లేదా? అర్జీలో ఒక్క అక్షరం దండగ పోకూడదు."

దండగ అన్న మాట వినపడితే నాన్న ఎవరి మాటైనా వింటాడు. అక్కడే కూర్చుని శుభ్రంగా తిరగరాసి, అందరి దగ్గరికీ మళ్ళీ తిరిగి సంతకాలు పెట్టించుకొచ్చాడు. మళ్ళీ కాఫీలు తాగవలసి వచ్చింది. ప్రజాసేవలో ఇలాంటి కష్టాలుంటాయి.

మర్నాడు కాచిగూడ స్టేషనుకు వెళ్ళాం. ఆఫీసు గదిలో ఒక గుమాస్తా, నోట్లో పాన్, ముందు ముద్రలూ ఇంకు ప్యాడూ. నాన్న రెండు చేతులతో అర్జీ అందించాడు. ఆయన పై పేజీ చూశాడు, సంతకాలు చూశాడు, ఠప్పున ముద్ర కొట్టాడు. ఆ తరవాత చదివాడు. మా ఊళ్ళో పనులు ఈ వరుసలోనే జరుగుతాయి. చదువుతున్నకొద్దీ ఆయన కనుబొమలు పైకి పోయాయి.

"గిదేంది సార్. బండి తీయొద్దంటున్నరు?"

"అవునండీ. దయచేసి తీయొద్దు."

"ఎందుకు?"

"తీస్తే మా అమ్మాయి ఉద్యోగం పోతుంది."

"తీస్తే పోతదా?"

"తీస్తే పోదూ మరి?"

ఆయన పాన్ ఉమ్మి వచ్చి కూర్చున్నాడు. ఇది నోట్లో ఏదో పెట్టుకుని తేల్చే విషయం కాదనుకున్నాడు కాబోలు. "సార్, లైను మీద జనమంతా ఎప్పుడు తీస్తరు, ఎప్పుడు తీస్తరు అని మమ్మల్ని పరేషాన్ చేస్తున్రు. మీరొచ్చి వద్దంటున్నరు. అండ్ల గింతమంది పెద్దమనుషులు దస్కతులు వెట్టిన్రు. మీకు రైలు మీద ఏం పగ సార్?"

"జనం తీసెయ్యమని అడుగుతున్నారా?"

"తీసెయ్యుమని ఎవడంటడు? తీయుమంటున్రు. వంతెన నిలవడ్డది. సోమవారం సంది తీస్తున్నం."

నాన్నా ఆయనా ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ తెలుగువాళ్ళు, ఇద్దరూ సర్కారు కొలువులోనే ఉన్నారు, మధ్యలో ఒక్క క్రియాపదం అడ్డం పడుకుంది. గుమాస్తా ఆఖరికి బల్ల సొరుగు లాగి, అందులోంచి పొడుగు స్కేలొకటి బయటకు లాగి, దాన్ని బల్ల మీద చుక్ చుక్ మనిపిస్తూ నా వైపు నడిపించాడు. "గిట్ల. షెడ్డుల నుంచి బయటికి తీస్తం. తీసి నడుపుతం. సమజయిందా సార్?"

షెడ్డులోంచి కారు తీశాడు, పొద్దున్నే బండి తీశాడు అని మేమూ అంటాం. ఆ సంగతి ఆ క్షణంలో నాన్న మొహం మీద పట్టాలు వేసుకుంటూ రావడం చూశాను. బండి తీస్తున్రంట. ఇంటావిడ నవ్వుతూ చెప్పింది. ఆమె నవ్వక ఏం చేస్తుంది? మా అక్క కోసమే నవ్వింది. ఆ మాటకు ఒక అక్షరం అమ్మ మెట్లెక్కుతూ కలిపింది, ఆ అక్షరాన్ని అశోక్‌నగర్ మాస్టారు ఎర్ర పెన్సిలుతో తీసేశాడు. తీసేశాడు, తీశాడు కాదు.

నాన్న అర్జీ వెనక్కి ఇమ్మన్నాడు. ముద్ర పడ్డాక ఇయ్యరాదన్నాడు గుమాస్తా. దానికి విరుగుడుగా అక్కడికక్కడే ఇంకో అర్జీ రాశాడు నాన్న. మొదటి అర్జీలోని వాదనలన్నీ ఒప్పుకుంటూ, ముగింపును మాత్రం రద్దు చేసుకుంటూ, "బండిని నడుపవలసినదిగా" అని రాశాడు. ఆ మాటకు రెండు వైపులా ఒకే అర్థమని గుమాస్తానూ నన్నూ అడిగి నిర్ధారించుకున్నాడు. మొదటిది ఇప్పటికీ ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది. ప్రజల సొమ్ముతో రైలు నడపడం ఎంత న్యాయమో అంత బాగా చెప్పి, అందుచేత నడపవద్దని కోరిన అర్జీ ప్రపంచంలో అదొక్కటే.

ఆ సాయంత్రం నాన్న వెళ్ళి కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఇంటాయన వచ్చి చూసి, కాసేపు తటపటాయించి, పై మెట్టు ఎక్కి కూర్చున్నాడు. నాన్న జరిగిందంతా చెప్పాడు, తలుపు వేసిన సంగతి కూడా దాచలేదు. ఇంటాయన నవ్వీ నవ్వీ దగ్గు తెరలో పడితే ఇంటావిడ నీళ్ళు తెచ్చింది.

"అయితే మీ అర్జీల నా మాటలు రాసిన్రా?"

"రాశానండీ."

"టిక్కెట్ మాట సుత?"

"అదే మొదట రాశాను."

ఇంటాయన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఇగ గెల్చుడు గిలుచుడు లేదు. సోమవారం మనమిద్దరం స్టేషన్‌కు వోదం."

"వంతెన ఖర్చు మాత్రం ఎక్కువేనండీ," అన్నాడు నాన్న, కింది మెట్టు మీంచి. నాకు ప్రాణం కుదుటపడింది.

సోమవారం అందరం వెళ్ళాం. ఇంటాయన పాత నల్లకోటు ఇస్త్రీ చేయించుకు వచ్చాడు. బొత్తాలు పట్టలేదు గానీ హోదా పట్టింది. తట్ట ముసలమ్మ అక్కను చూసి, "ఏడ వోయినవ్ బిడ్డా, మస్తు చిక్కినవ్" అని కిటికీ పక్క చోటు మీద నుంచి తన మూట తీసింది. ఇక్కడ తీసింది అంటే ఏమిటో సందర్భాన్ని బట్టి గ్రహించగలరు. అక్క కూర్చుని, నోటు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర సిరా పెన్ను మూత విప్పింది. బండి కదిలింది. నాన్న దాని వెంట ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాడు. పట్టాల కింద కంకర చూస్తున్నానన్నాడు. అబద్ధం. ఆయన కిటికీలో పెన్ను చూస్తున్నాడు, అది ఆగుతుందేమోనని. ఆగలేదు.

సాయంత్రం నేను అలవాటు ప్రకారం మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆ రోజు పులిహోర. అక్క వచ్చింది, మొహం మీద ఎండ తప్ప ఇంకేమీ లేదు. క్యారేజీ నా చేతికిచ్చింది. తేలిగ్గా ఉంది. మూత తీశాను. కరివేపాకు రెబ్బ ఒక్కటి ఉంది.

పాసింజరు రైలు వల్ల సర్కారుకు నష్టమో లాభమో పై మెట్టూ కింది మెట్టూ ఇంకా తేల్చలేదు. నాకు మాత్రం చాలా నష్టం. నన్నడిగితే, ఆ బండి నడపాల్సిందే.